నిన్న ఆపిన చోటికి ఇవాళ చేరుకోవడం: నవల రాసేవాళ్లకి ఒక లెక్కల మనిషి పద్ధతి

నవల ఎలా మొదలుపెట్టాలని అడిగేవాళ్లే ఎక్కువ. మొదలుపెట్టడం పెద్ద పనేం కాదు. ఊపు మీద ఉన్నప్పుడు ఇరవై పేజీలు ఎవరైనా రాస్తారు. బీరువాల్లో, లాప్‌టాప్‌లలో మూలుగుతున్న నవలల్లో చాలావరకు అలాంటి ఇరవై పేజీలే. ఎనభయ్యో పేజీ దగ్గర తెలుస్తుంది సంగతి. ఊపు పోయి ఉంటుంది. మధ్యలో నాలుగు రోజులు జ్వరమో, ఆఫీసులో ఆడిటో వచ్చి పడుతుంది. మళ్లీ కూర్చుంటే ఈ మనుషులెవరో, వీళ్లకేం కావాలో, కిందటి వాక్యం అసలెందుకు రాశామో ఏదీ తట్టదు. కొత్తగా రాయడానికి బుద్ధి పుట్టదు, పాతది చదువుతుంటే సిగ్గేస్తుంది. ఫైలు మూసేస్తాం.

నాలుగు వందల పేజీల కథ ఒకేసారి ఎవరి బుర్రలోనూ నిలవదు. రోజూ దాంట్లోంచి బయటికొచ్చి, ఉద్యోగం చేసుకుని, ఇంటి పనులు చూసుకుని, నిద్రపోయి, మర్నాడు మళ్లీ లోపలికి వెళ్లాలి. నవల రాయడంలో నేను చూసిన కష్టమంతా ఆ మళ్లీ వెళ్లడంలోనే ఉంది. భాష, శిల్పం, వస్తువు అని సభల్లో మాట్లాడుకునేవన్నీ నిజమే గానీ, అవన్నీ బల్ల దగ్గర కూర్చుని లోపలికి వెళ్లగలిగిన మనిషికి.

పగలు నేను అకౌంట్స్ చూస్తాను. అందుకే నా పద్ధతి కూడా చిట్టా, ఆవర్జాల పద్ధతే. ఏరోజు జరిగింది ఆరోజు చిట్టాలో రాయాలి, తర్వాత ఆవర్జాలో ఎవరిది వాళ్ల ఖాతాకి ఎక్కించాలి. భావుకులకి ఇది మింగుడు పడకపోవచ్చు. ప్రేరణ కోసం ఎదురుచూసే తీరిక ఉన్నవాళ్లు నిక్షేపంగా ఎదురుచూడొచ్చు. నేను మాత్రం తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి.

కూర్చునే ముందు చేతిలో ఏముండాలి

పూర్తి కథ అక్కర్లేదు. కథ మొత్తం ముందే తెలిసిపోతే రాయబుద్ధి కాని జాతి నాది. అలాగని ఏమీ తెలియకుండా దూకడం కూడా నావల్ల కాదు. మూడు సంగతులు తెలిస్తే కూర్చుంటాను. ఒకే వస్తువు ఇద్దరికి కావాలి. ఇద్దరి వైపూ న్యాయం ఉండాలి. ఇద్దరూ ఒకరినొకరు వదిలించుకుని పోలేని చోట ఉండాలి.

ఈ వ్యాసం కోసం ఒక ఉదాహరణ అనుకుందాం, చివరిదాకా దాన్నే వాడుకుందాం. ఇద్దరు అన్నదమ్ములు, శేషు, మురళి. తండ్రి పోయాడు, ఇల్లు మిగిలింది. శేషుకి ఇల్లు అమ్మాలి. మురళికి ఆ ఇంట్లోనే ఉండాలి. శేషు ఎవరికో అప్పుకి హామీ సంతకం పెట్టి ఉన్నాడు, ఆ సంగతి అతని భార్య కమలకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. తల్లి అదే ఇంట్లో ఉంది. ఇంతే. దీనికి ఇల్లు ఏమవుతుందన్న జవాబు ఉజ్జాయింపుగా తెలిస్తే చాలు. తప్పకుండా వచ్చి తీరే నాలుగైదు సీన్లు కళ్లకి కట్టాలి: సంతకం బయటపడే సీను, తల్లి మొదటిసారి నోరు విప్పే సీను, అలాంటివి. మధ్యలో ఖాళీలు ఖాళీలుగానే ఉండనివ్వండి.

శేషుని దుర్మార్గుడిగా ముందే తేల్చేస్తే ఇది నవల కాదు, పెద్దకథకి కూడా చాలదు. వాడి వైపు నుంచి ఒక పేజీ రాసి చూడండి, ‘నేను’ అంటూ, ఎవరికీ చూపించనక్కర్లేదు. ఆ పేజీ చదివితే మీకే వాడి మీద జాలేయాలి. వేయకపోతే ఇంకా మొదలుపెట్టకండి.

పరిశోధన గురించి రెండే మాటలు. హామీ సంతకం పెట్టినవాడి మీద అప్పిచ్చినవాడు దావా వేస్తే ఏమవుతుందో వకీలుని అడగాల్సిందే. కానీ అది రాయడం ఆపి మరీ చేయాల్సిన పని కాదు. ఆ చోట నక్షత్రం గుర్తు పెట్టి ముందుకి పోండి, నక్షత్రాలన్నీ చివర్న ఒకేసారి తీర్చుకోవచ్చు. పరిశోధన పేరుతో ఏళ్లు గడిపేసినవాళ్లు నాకు తెలుసు. పాపం వాళ్లకి ఆ విషయం మీద ఏమడిగినా తెలుసు, నవల మాత్రం లేదు.

టైము, మాటల లెక్క

ఆంథొనీ ట్రాలప్ అనే ఇంగ్లిష్ నవలాకారుడు పోస్టాఫీసు ఉద్యోగి. తెల్లవారుజామున ఐదున్నరకి బల్ల ముందు ఉండేవాడు. ఎదురుగా గడియారం. పావుగంటకి 250 మాటలు, అలా మూడు గంటలు. తర్వాతే ఉద్యోగం. వారాల వారీగా గళ్లు గీసిన డైరీలో ఏరోజుకారోజు ఎన్ని పేజీలు రాశాడో వేసుకునేవాడు. ఆయన పోయాక 1883లో ఆత్మకథ అచ్చయితే ఇవన్నీ బయటపడ్డాయి, సాహిత్యమంటే ఇలా కొలతలేసి రాసేదా అని చాలామంది ముఖం చిట్లించారు. నాకైతే ఆయన మా డిపార్ట్‌మెంటు మనిషి అనిపించాడు.

ఆయన గురించి చెప్పేవాళ్లంతా ఆ 250 మాటల దగ్గర ఆగిపోతారు. నాకు అంతకంటే ముఖ్యమైంది ఇంకొకటి. రోజూ మొదటి అరగంట ఆయన కొత్తగా ఏమీ రాసేవాడు కాదు, నిన్న రాసింది చదివేవాడు. మూడు గంటల్లో అరగంటంటే చిన్న వాటా కాదు. లోపలికి వెళ్లడానికి అంత ఖర్చవుతుందని ఆయనకి తెలుసు, దాన్ని లెక్కలో పెట్టుకున్నాడు. మనం ఆ ఖర్చు వేసుకోకుండా బడ్జెట్ తయారుచేసి, కూర్చున్న పది నిమిషాలకి ఏమీ రావడం లేదని లేచిపోతాం.

కాబట్టి మీకు రోజుకి గంటే దొరికితే అందులో పావుగంట చదవడానికే అనుకోండి. చదివేటప్పుడు పెన్ను చేతిలో ఉంటే మాట మార్చడానికి వాడండి, పేరా మార్చడానికి వద్దు. నిన్నటి పేరాతో కుస్తీ మొదలైతే ఇవాళ్టి పని గోవిందా.

మిగిలిన ముప్పావుగంటలో 300 మాటలు. తక్కువనిపిస్తుందేమో, లెక్క వేయండి. వారానికి ఐదు రోజులైతే 1,500. నలభై వారాల్లో 60,000. ఇంగ్లిష్ రచనా పాఠాల్లో చెప్పే లక్ష, లక్షన్నర మాటల లెక్క మనకి పనికిరాదు. ‘చెప్పలేకపోతున్నందుకు’ అన్నది మనకి ఒక్క మాట, వాళ్లకి గుప్పెడు మాటలు. తెలుగులో యాభై, అరవై వేల మాటలంటే నిండు నవలే.

టైము ఏదన్నది మీ ఇష్టం, తెల్లారుజామునే రాయాలని రూలేం లేదు. కానీ రోజూ అదే టైము అయ్యుండాలి. ఆదివారం ఎనిమిది గంటలు రాసి వారమంతా వదిలేసేవాడికంటే రోజూ ముప్పావుగంట కూర్చునేవాడే ముందు పూర్తి చేస్తాడు. ఆదివారం మనిషి ప్రతి వారమూ అపరిచితుల ఇంటికి వెళ్లినట్టు వెళ్లాలి. పరిచయాలు అయ్యేసరికి సాయంత్రమవుతుంది.

ఎక్కడ ఆపాలి? అన్నీ అయిపోయాక కాదు. అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే 1958లో అచ్చయిన ఒక ఇంటర్వ్యూలో, తర్వాత ఏం జరుగుతుందో ఇంకా తెలిసి ఉండగానే ఆపేస్తానని చెప్పాడు. నేను దాన్ని ఇంకాస్త మొరటుగా పాటిస్తాను. సీను మధ్యలో, వీలైతే సంభాషణ మధ్యలో, ఒకడు ప్రశ్న అడిగి రెండోవాడు జవాబు చెప్పబోయే ముందు ఆపేస్తాను. అధ్యాయం చివర్న ఎప్పుడూ ఆపను. అధ్యాయం ముగించి ఫుల్‌స్టాప్ పెట్టి హాయిగా లేస్తే ఆ హాయి రాత్రికే అయిపోతుంది. పొద్దున్నే తెల్ల కాగితం ఉంటుంది.

చిట్టా

ఇదీ అసలు పనిముట్టు. నవల ఫైలు ఒకటి, దాని పక్కన మామూలు రూళ్ల నోటుబుక్కు ఒకటి. రాయడం ఆపాక లేవకుండా ఐదు నిమిషాలు అందులో రాయాలి. ఎలా ఉంటుందో మన అన్నదమ్ముల కథలోంచి ఒక పద్దు చూపిస్తాను:

*మంగళవారం. 9వ అధ్యాయం. మురళి ఇంటికి వచ్చే సీను, సగం. 340 మాటలు.*
*తేలినవి: తలుపు తీసింది కమల. శేషు ఇంట్లో లేడు. హామీ సంగతి మురళికి ఇంకా తెలియదు. ఎండాకాలం (7లో అలాగే అన్నాం, వాన పెట్టొద్దు).*
*తేలనివి: అమ్మ పక్క గదిలో మెలకువగా ఉందా? వింటోందా?*
*రేపు: మురళి చెప్పులు విడవకుండానే “అన్నయ్య లేడా” అంటాడు. కమల జవాబు చెప్పకుండా మంచినీళ్లకని లోపలికెళుతుంది.*

చూడటానికి ఏమీ లేదు. కానీ ‘రేపు’ అన్న ఆ రెండు వాక్యాల వల్ల రేపు పొద్దున ఆలోచించాల్సిన పని తగ్గుతుంది. ఆలోచించనక్కర్లేదు, ముందు ఆ రెండూ రాసేస్తే చాలు, మూడోది దానంతటదే వస్తుంది. ‘తేలనివి’ దగ్గర జవాబు రాయడానికి తొందరపడకండి. అమ్మ వింటోందా అన్న ప్రశ్నని నోటుబుక్కులో వదిలేసి ఆఫీసుకెళితే, ఏ మధ్యాహ్నమో వోచర్లు చూస్తుండగా జవాబు తట్టేస్తుంది. బల్ల దగ్గర తట్టదు. ఎందుకో అడక్కండి.

చిట్టా రోజూ. ఆవర్జా వారానికోసారి. వారంలో తేలిన సంగతులన్నీ మనిషి మనిషికీ ఒక పేజీ చొప్పున ఎక్కించాలి. శేషు పేజీలో వాడి వయసు, ఉద్యోగం, కుంటే కాలు, తాగే సిగరెట్టు, వీటికంటే ముఖ్యంగా ఒక గడి: ‘ఏం తెలుసు, ఎప్పటినుంచి’. హామీ సంతకం గురించి కమలకి 4వ అధ్యాయం నుంచి తెలుసు. తల్లికి 11 నుంచి. మురళికి 14లో తెలుస్తుంది. అలాంటప్పుడు 12లో మురళి నోటి నుంచి “నీ అప్పుల సంగతి” అన్న మాట రాకూడదు. ఇలాంటివి వస్తాయి, తప్పకుండా వస్తాయి, ఎందుకంటే రాసే మనకి అన్నీ తెలుసు. చదివేవాడు వెంటనే పట్టుకుంటాడు.

వయసులకి, తేదీలకి వేరే పేజీ. కథలో సంవత్సరం చెప్పకపోయినా మీ పేజీలో ఉండాలి. ఎవరెప్పుడు పుట్టారు, పెళ్లెప్పుడు, తండ్రి పోయిందెప్పుడు. 3వ అధ్యాయంలో ఏడో క్లాసు చదివే పిల్ల, కథ నాలుగేళ్లు నడిచాక ఇంకా బడి బ్యాగు తగిలించుకుని తిరిగితే ఎంత మంచి వాక్యాలైనా కాపాడలేవు. ఫోనులో పాత క్యాలెండరు తిప్పి, అమావాస్య రాత్రి వెన్నెల కాయకుండా చూసుకోండి.

ఇంకో పేజీ ఉంది. ఇంగ్లిష్ పాఠాల్లో దొరకదు, మనకి మాత్రం లేకపోతే గడవదు. పిలుపుల పట్టిక. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, నువ్వా మీరా. మురళి అన్నని ‘అన్నయ్యా, నువ్వు’ అంటాడు. వదినని ‘వదినా, మీరు’ అంటాడు. కమల మరిదిని పేరుపెట్టి ‘నువ్వు’ అంటుంది, భర్తని నలుగురిలో ‘మీరు’ అంటుంది, ఇద్దరే ఉన్నప్పుడు? ఇది తేల్చుకోండి, ఎందుకంటే ఆ కాపురం ఎలాంటిదో అక్కడే ఉంది. పట్టిక వేసుకున్నాక గీత దాటకూడదు. అప్పుడు ఎక్కడో ఒక్కచోట కావాలని దాటితే దానికి వచ్చే బలం అంతా ఇంతా కాదు.

ఒక పేరా దగ్గరగా

14వ అధ్యాయం, సంతకం బయటపడే సీను. మొదటి ప్రతిలో ఇలా వస్తుందనుకోండి:

*మురళి ఒక్కసారిగా ఆగిపోయాడు. అతని గుండె ఝల్లుమంది. అన్నయ్య తనని మోసం చేశాడని అతనికి అర్థమైంది. కోపంతో అతని కళ్లు ఎర్రబడ్డాయి. “ఎందుకు చేశావన్నయ్యా ఇలా?” అని అరిచాడు. శేషు తల వంచుకున్నాడు.*

మొదటి ప్రతికి ఇది చాలు. సీను ఏమిటో తెలిసింది, ముందుకి పోవచ్చు. రెండోసారి వచ్చినప్పుడు చూస్తే ఇందులో మురళి ఎక్కడా లేడు. ఆగిపోవడం, ఝల్లుమనడం, ఎర్రబడటం, వంచుకోవడం, ఇవన్నీ ఎవరికైనా అతికే రెడీమేడ్ చొక్కాలు. కాగితం సంగతే లేదు. పైగా వాక్యాలన్నీ ఒకే అడుగుతో నడుస్తున్నాయి.

పట్టిక పక్కన పెట్టుకుని తిరగరాస్తే:

*కాగితం అడుగున అన్నయ్య సంతకం. తేదీ చూశాడు మురళి. నాన్న పోయిన నెలకే. ఉన్న మడతల్లోనే మళ్లీ మడిచి బల్ల మీద పెట్టాడు.*
*“మీరు చెప్పండి,” అన్నాడు.*
*శేషు తలెత్తాడు. వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది.*

పదమూడు అధ్యాయాలపాటు నువ్వు అన్నవాడు మీరు అన్నాడు. మనలో కోపం ముదిరితే గొంతు పెరగడమే కాదు, మర్యాద కూడా పెరుగుతుంది. ఆ తర్వాత ‘తమ్ముడు తనని మీరనడం అదే మొదటిసారి’ అని ఇంకో వాక్యం వేయాలని చేయి లాగుతుంది. వేయకండి. చదివేవాడికి అన్ని అధ్యాయాలుగా వినిపించింది అందుకే. కుళాయి ఆగిందంటే కమల వింటోందని కూడా వేరే చెప్పనక్కర్లేదు. తేదీ ఎక్కడి నుంచి వచ్చింది? ఆవర్జాలోంచి. తండ్రి ఏ నెలలో పోయాడో రాసి ఉంది కాబట్టే ఆ సంతకం తేదీ దొరికింది. లెక్కలు కల్పనకి అడ్డం అనేవాళ్లకి నా జవాబు ఇదే.

అడుగు గురించి అన్నాను కదా, అది మన వాక్యానికి ఉన్న పాత జబ్బు. మనకి క్రియ చివర్న వస్తుంది, మగవాడి గురించి రాస్తే ‘డు’, ఆడమనిషి గురించి రాస్తే ‘ది’. వచ్చాడు, చూశాడు, కూర్చున్నాడు, అన్నాడు. పది వాక్యాలు అలా పడ్డాయంటే ఇస్త్రీ చేసిన గుడ్డల దొంతరలా ఉంటుంది పేజీ. విరగ్గొట్టడానికి మార్గాలున్నాయి. రెండు పనులు కలిపి ‘వచ్చి కూర్చున్నాడు’ అనొచ్చు, కానీ వచ్చి, చూసి, నవ్వి, కూర్చుని అంటూ గొలుసు కడితే అదింకో జబ్బు. క్రియ లేకుండా వదిలేయొచ్చు: ‘నాన్న పోయిన నెలకే.’ కర్తని చివరికి తేవొచ్చు: ‘తేదీ చూశాడు మురళి.’ సంభాషణని ‘అన్నాడు’ లేకుండా వదలొచ్చు, ఇద్దరే మాట్లాడుకుంటుంటే, పిలుపులు తేడాగా ఉంటే, ఎవరి మాటో తెలిసిపోతుంది. ఏ మార్గమైనా అతిగా వాడితే బయటపడుతుంది. పైకి చదివితే తప్ప ఈ జబ్బు పట్టుబడదు. కంటికి దొరకని ‘డు’ల వరస చెవికి వెంటనే దొరుకుతుంది.

కథనం ఏ భాషలో, మాటలు ఏ యాసలో అన్నది మొదటి అధ్యాయంలోనే తేల్చుకోండి. మనుషులు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడనివ్వండి. అయితే ప్రతి మాట చివరా యాస పులమక్కర్లేదు. వాక్యం లాగే తీరు, ఒకటి రెండు మాటలు పట్టిస్తే మిగతాది చదివేవాడు తనే పలుక్కుంటాడు.

మధ్యలో ఆగిపోతే

ఆగిపోతుంది. అందరికీ ఆగిపోతుంది. సాధారణంగా సగం దాటే ముందు. అప్పుడు అందరూ చేసే పని ఏంటంటే మొదటి అధ్యాయానికి వెళ్లి దాన్ని ఇంకా బాగా రాయడం. దయచేసి వద్దు. మొదటి అధ్యాయం బంగారంలా తయారవుతుంది, నవల మాత్రం అక్కడే ఉంటుంది. ముగింపు రాసేదాకా మొదలు ఎలా ఉండాలో తేలదు, తేలనిదానికి మెరుగు పెట్టడం దండగ.

ఆగిపోయినప్పుడు నేను చిట్టా మొదటి నుంచి చదువుతాను, నవల కాదు. ‘తేలనివి’ గడిలో ఎప్పుడో అడిగి మర్చిపోయిన ప్రశ్న ఒకటి దొరుకుతుంది. అమ్మ వింటోందా? వింటోందనే అనుకుందాం. అయితే 9వ అధ్యాయం నుంచి ఆవిడకి ఎంతో కొంత తెలుసు, తెలిసీ ఊరుకుంది. ఎందుకు ఊరుకుంది? ఇక రాయడానికి కావలసినంత ఉంది. ఆవర్జాలో 11 కొట్టేసి 9 వేసుకోవాలి, అంతే. వెనక్కి వెళ్లి సీను మార్చక్కర్లేదు, ఇప్పుడే. చిట్టాలో ‘9లో సర్దాలి’ అని రాసుకుని, అది సర్దేసినట్టే భావించి ముందుకి పోండి.

అప్పటికీ రాకపోతే, తప్పకుండా వచ్చి తీరాలని మొదట్లో అనుకున్న నాలుగైదు సీన్లలో ఒకటి ముందే రాసేయండి. వరసగానే రాయాలని ఎవరూ అనలేదు.

ఇంకో దారి నోటితో చెప్పడం. రష్యన్ నవలాకారుడు దోస్తొయేవ్‌స్కీ, ప్రచురణకర్తతో చేసుకున్న ఒప్పందం గడువు 1866లో ముంచుకొస్తే, అన్నా అనే షార్ట్‌హ్యాండ్ అమ్మాయికి చెప్పి రాయించి ఇరవై ఆరు రోజుల్లో ఒక చిన్న నవల ముగించాడు. మరుసటి ఏడాది ఆవిడనే పెళ్లి చేసుకున్నాడు. దీన్ని అందరూ ఏదో మహిమలా చెబుతారు. అందులో పని విభజన చూడండి: ఆయన రాత్రి నోట్సు రాసుకుని పగలు చెప్పేవాడు, ఆవిడ ఇంటికెళ్లి శుభ్రంగా ఎత్తి రాసి తెచ్చేది, దాన్ని దిద్దేవారు. నోట్సు, చెప్పడం, ఎత్తి రాయడం, దిద్దడం. ఇప్పుడు ఫోనులో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, ఆ అమ్మాయి చేసిన పనిలో కొంత అది చేస్తుంది. సంధులు తప్పుగా విడగొడుతుంది, కామాలు సరిగ్గా పెట్టదు, ఊరి పేర్లు చిత్రవధ చేస్తుంది. అయినా సంభాషణలకి మంచిది. ఇద్దరి గొంతూ మీరే పలుకుతూ గదిలో తిరిగితే బల్ల దగ్గర రాని తిట్లు కూడా వస్తాయి. తలుపు మాత్రం వేసుకోండి.

రెండో ప్రతి

మొదటి ప్రతి అయ్యాక కొన్ని వారాలు ముట్టుకోకండి. ఆ వారాల్లో వేరే ఏదైనా చదవండి, చిన్న కథ రాయండి, బంధువుల ఫోన్లు ఎత్తండి. తర్వాత ప్రింటు తీసుకుని, పెన్ను లేకుండా ఒకసారి మొత్తం చదవండి. పెన్నుంటే చేయి ఊరుకోదు, అక్షరదోషాలు దిద్దుతూ కూర్చుంటారు, నలభై పేజీల అనవసరపు అధ్యాయం కళ్లముందే దాటిపోతుంది.

చదివాక ఒక కాగితం మీద అధ్యాయానికో వాక్యం రాయండి: ఈ అధ్యాయం వల్ల ఏం మారింది? ‘మురళి, శేషు మాట్లాడుకున్నారు’ అంటే ఏమీ మారలేదని అర్థం. ‘తల్లికి తెలుసని కమలకి తెలిసింది’ అంటే మారింది. ఏమీ మారని అధ్యాయాల్ని తీసేయాలి, లేదా అందులోని ఒక్క మంచి పేరా పక్క అధ్యాయంలోకి జరపాలి. తీసేసినవి చెరిపేయకండి, వేరే ఫైల్లో పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడూ తెరవరు, కానీ ఉందన్న ధైర్యంతో కత్తిరించడానికి చేయి ఆడుతుంది.

తర్వాత కొత్త ఫైలు తెరిచి, ప్రింటు పక్కన పెట్టుకుని మొదటి మాట నుంచి మళ్లీ టైపు చేయండి. ఈ మాట చెబితే కొత్తగా రాసేవాళ్ల మొహాలు వాడిపోతాయి. కాపీ పేస్టు ఉండగా ఇదేం శిక్ష అంటారు. పాత ఫైల్లో దిద్దితే ఉన్న వాక్యం ఉండటానికే మొగ్గు. మళ్లీ కొట్టాల్సి వస్తే బద్ధకం మనకి మేలు చేస్తుంది: అక్కర్లేని వాక్యాన్ని మళ్లీ కొట్టడానికి వేళ్లు ఒప్పుకోవు.

చివరగా వెతుకులాట. ప్రతి రచయితకీ కొన్ని ఊతమాటలుంటాయి. ఒక్కసారిగా, అంతలో, ఎందుకో, గాఢంగా నిట్టూర్చి, చిన్నగా నవ్వి, మౌనం రాజ్యమేలింది. మీవేంటో ఒక జాబితా వేసుకుని ఫైల్లో వెతకండి. ‘నవ్వి’ నూట ఇరవై చోట్ల దొరికితే కంగారు పడకండి, వాళ్లలో వంద మందికి నవ్వాల్సిన అవసరం లేదు.

మొదటి పాఠకులు

ఇద్దరో ముగ్గురో చాలు. వాళ్లలో ఒక్కరైనా రాయని మనిషి అయ్యుండాలి. “బాగుందా” అని అడిగితే “బాగుంది” అంటారు, అక్కడితో సరి. అడగాల్సినవి వేరు: ఎక్కడ పక్కన పెట్టేశారు? ఎక్కడ ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు? శేషు ఇల్లు అమ్మమన్నప్పుడు మీకు కోపం వచ్చిందా? ఫలానా చోట విసుగొచ్చిందని ఇద్దరు చెబితే ఆ చోట తప్పుంది. దాన్ని ఎలా బాగుచేయాలో వాళ్లు చెప్పే సలహా మాత్రం సాధారణంగా పనికిరాదు. జబ్బు ఎక్కడో చెప్పగలరు, మందు మీరే చూసుకోవాలి.

అచ్చుకి పంపేటప్పుడు

యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటర్లోనైనా చదవగలిగే తెలుగులో రాయండి. పేజీలు కూర్చే డీటీపీ వాళ్లు అచ్చు కోసం వాడే పాత తరహా అను ఫాంట్లలోకి మార్చుకుంటామంటే మార్చుకోనివ్వండి, కానీ మార్చాక వచ్చిన ప్రూఫు మీరే అక్షరం అక్షరం చూడాలి. మార్పిడిలో దెబ్బతినేవి ఎక్కువగా ఒత్తులు, రెండు ఒత్తులున్న అక్షరాలు, అంకెల పక్క గుర్తులు, కొటేషన్లు. పేజీ చివర మాట విరిగే చోట్లు కూడా చూడండి. ఫైలుని మీ కంప్యూటర్లో ఒకటి, బయట డ్రైవులో ఒకటి, మెయిల్లో ఒకటి పెట్టుకోండి, తేదీ పేరులోనే ఉండేలా. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలైన ఫైనల్’ అని పేర్లు పెట్టి ఏది పంపారో తెలియక టెన్షన్ పడేవాళ్లు ఏ ఆఫీసులోనైనా ఉంటారు.

ఒప్పందం కాగితం వస్తే అచ్చు హక్కు, ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా, వేటికవి విడిగా రాసి ఉన్నాయా చూసుకోండి. ‘సర్వహక్కులు’ అని ఒక్క మాటలో ఉంటే సంతకం పెట్టే ముందు అడగండి. ఎన్ని కాపీలు వేస్తారు, రాయల్టీ దేని మీద లెక్క వేస్తారు, పుస్తకం ధర మీదా వాళ్లకి చేతికొచ్చిన డబ్బు మీదా, లెక్కలు ఏడాదికెన్నిసార్లు చూపిస్తారు, స్టాకు అయిపోయి మళ్లీ వేయకపోతే ఎన్నాళ్లకి హక్కు మీకు తిరిగొస్తుంది, ఇవి కాగితం మీద ఉండాలి. నోటిమాట వద్దు. మిమ్మల్ని అనుమానపు మనిషి అనుకుంటారేమో అని మొహమాటపడకండి. నేను అడిగినప్పుడు అవతలివాళ్లు కాసేపు నా వంక చూసి, “అకౌంట్సా అండీ మీరు?” అన్నారు. అవునన్నాను. రాసిచ్చారు.